స్మరాగ్ది అడిగిన చల్లటి గోధుమలు

"గోధుమలు వద్దత్తయ్యా, ఇంకేదైనా చేస్తాను," అంది థెమెలీనా.

"ఇంకేదైనా ఎందుకే? నాకు గోధుమలే కావాలి," అంది స్మరాగ్ది మంచం మీంచే. "ఉడకబెట్టి, చల్లార్చి, పండ్లు కలిపి పెట్టు. ఈ ఎండకి వేడివేడిది ఏదీ నా గొంతు దిగట్లేదు."

ఆ ఇంట్లో ఏటా వేసవిలో చేసుకునేదే అది. ఉడికిన గోధుమలు, పీచ్ పండ్ల ముక్కలు, ద్రాక్ష, పుదీనా, పైన నిమ్మరసం. మామూలు రోజైతే థెమెలీనా ఈపాటికి పొయ్యి వెలిగించేసేదే. కానీ వాళ్ళుండే ఆ కాలిమ్నోస్ దీవిలో పోయినవాళ్ళ పేరు చెప్పి చర్చిలో పంచేదీ ఉడికిన గోధుమలే. నిన్న సాయంత్రం రేవు నుంచి ఆమె తమ్ముడు కబురు మోసుకొచ్చాడు. సముద్రం అడుగున పెరిగే స్పాంజీలు కోయడానికి ఆఫ్రికా వైపు వెళ్ళిన ఆమె మొగుడు పాంతెలిస్ నీళ్ళలోంచి ప్రాణాలతో పైకి రాలేదట. అక్కడే ఒడ్డున పాతిపెట్టేశారట.

ముసలావిడ గుండె అసలే అంతంతమాత్రం. ఒక్కగానొక్క కొడుకు. ఈ మాట చెవిన పడితే ఆవిడా దక్కదని థెమెలీనా భయం. అందుకే రేవులో కనబడ్డ ప్రతివాళ్ళనీ చేతులు పట్టుకుని బతిమాలింది, మా అత్తయ్యకి మాత్రం చెప్పకండని. మొగుడు పోయినదానికి నోరారా ఏడ్చే యోగం కూడా లేకపోతే అంతకంటే నరకం ఏముంటుంది?

"ఏమిటలా గుమ్మానికి అతుక్కుపోయావు? ఇంట్లో గోధుమలు లేవా?"

"ఉన్నాయి."

"మరింకేం? కడుపుతో ఉన్నదానివి, నువ్వూ నాలుగు చెంచాలు తిందువుగాని. నిన్నటినుంచి గాలి తప్ప ఏం తిన్నావు?"

ఇంకా కాదంటే అనుమానం వస్తుంది. థెమెలీనా పొయ్యి వెలిగించింది.

గోధుమలు ఉడుకుతున్న వాసన వీధిలోకి పోయింది. ఎదురింటి ఫొతిని లోపలికొచ్చి గిన్నె వంక చూసింది. చూసీ చూడగానే మూతి వణికింది.

"గోధుమలు... అయ్యో, నా తల్లే..."

థెమెలీనా అత్తగారికి కనబడకుండా ఫొతినికి కళ్ళతోనే దండం పెట్టింది.

"నీకేమొచ్చిందే, పొద్దున్నే ఏడుస్తున్నావు?" స్మరాగ్ది గట్టిగా అరిచింది.

"ఏం లేదు పిన్నీ. ఉల్లిపాయలు తరుగుతూ లేచొచ్చాను."

"అయితే పోయి ఆ ఉల్లిపాయల దగ్గరే ఏడు. మా వంటలో ఉప్పు చాలినంత ఉంది."

ఫొతిని చేతులతో మొహం కప్పుకుని గడప దాటింది. ఇన్నేళ్ళుగా తనని సతాయించిన అత్తగారి నోటికి థెమెలీనా మొదటిసారి మనసులో దండం పెట్టుకుంది.

గోధుమలు వార్చి గుడ్డ మీద పరిచేసరికి స్మరాగ్ది మంచం దిగి వచ్చి బల్ల ముందు కూర్చుంది. గింజల్ని మెల్లగా వేళ్ళతో విడదీయసాగింది.

"ముద్దవకూడదు. ఏ గింజకా గింజ విడిగా ఉండాలి."

"మీరు పడుకోండత్తయ్యా, నేను చూసుకుంటాగా."

"పడుకుని ఏం చేస్తాను? నువ్వు పండ్లు కొయ్యి."

థెమెలీనా పీచ్ పండ్లు కోసింది. రసం మోచేతిదాకా కారింది.

"వాడుంటే," అంది స్మరాగ్ది తలెత్తకుండా, "సగం ముక్కలు గిన్నెలో పడకముందే మాయమయ్యేవి."

"వచ్చేస్తారుగా అత్తయ్యా. ద్రాక్ష కోతలు అయ్యేలోపు పడవ వచ్చేస్తుంది. అప్పుడు ఆయనకి వేరే గిన్నెడు చేసిపెడతాను."

ఇంత చక్కగా అబద్ధమాడగలిగినందుకు థెమెలీనాకి తన మీద తనకే అసహ్యం వేసింది. ముసలావిడ గింజలు విడదీస్తూనే ఉంది.

ద్రాక్షపండ్లు వేసి, పుదీనా తుంచి, నిమ్మకాయ పిండి, కాస్త ఆలివ్ నూనె చుక్కలు వేసి కలిపింది థెమెలీనా. బావి నీళ్ళలో పెట్టి చల్లబరిచిన గిన్నెలోకి తీసి అత్తగారి ముందు పెట్టింది.

స్మరాగ్ది ఒక చెంచా నింపి, దాన్ని కోడలి నోటి దగ్గరికే తీసుకెళ్ళింది.

"ముందు నువ్వు తిను."

"మీరు తినండత్తయ్యా. అడిగింది మీరు."

"తినమంటుంటే!"

చల్లటి గోధుమలు నాలుకకి తగిలాయి. చిన్నప్పటినుంచీ చర్చి వాకిట్లో ఎవరు గుప్పెడు గోధుమలు పెట్టినా, నోట్లో వేసుకుంటూ అనే మాట ఒకటుంది. బతికున్నవాళ్ళ గురించి ఎవరూ అనరు. ఇన్ని వేసవుల్లో, ఇంట్లో ఇన్నిసార్లు తిన్నప్పుడు ఎన్నడూ రాని ఆ మాట ఇవాళ థెమెలీనా నోట్లోంచి అనుకోకుండా వచ్చేసింది.

"దేవుడు ఆయన్ని మన్నించాలి."

అని, చటుక్కున చేత్తో నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. స్మరాగ్ది చేతిలో చెంచా బల్ల మీద పడింది. ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అలవాటు కొద్దీ నోరు జారిందత్తయ్యా! ఏం లేదు, ఒట్టు! మందు... మందెక్కడ పెట్టాను..." థెమెలీనా కంగారుగా గూటి వైపు పరిగెత్తబోయింది.

ముసలావిడ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. దగ్గరికి లాక్కుంది. గుండెలకి అదుముకుంది.

"నీకూ తెలిసిపోయిందా తల్లీ?" అంది. "నిన్న నువ్వు ఇంట్లో లేనప్పుడే, కడుపుతో ఉన్నదానికి చెప్పొద్దని ఊరందరి కాళ్ళూ పట్టుకున్నానే. నీకు తెలియకుండానే వాడి గోధుమలు నీ చేత్తో ఉడకాలనే కదే, ఇవాళ నేనింత మారాం చేసింది!"