మెనూలో కాఫీ

"మెనూలో ఇక్కడ కాఫీ అని ఉండాదే, ఏంది సార్ అది?"

సౌమ్య అలా అడిగేసరికి ఓబళప్ప చెయ్యి మౌస్ మీదే బిగుసుకుపోయింది. దొంగకు తేలు కుట్టినట్టయింది పాపం.

"ఏం లేదమ్మా, సుమ్నే, ఊరికే పెట్టినా. దాని జోలికి పోవద్దు."

బళేపేట బజారులో ఉన్న ఆ హార్డ్‌వేర్ అంగడికి యజమాని మునిరాజు. పొద్దున్నే కంప్యూటర్ పని తెలిసిన సౌమ్యను మిద్దె మీది ఆఫీసుకు తీసుకొచ్చి, ఓబళప్ప పక్కన కుర్చీ వేయించాడు. "ఈయప్ప చేసే పనంతా చూడమ్మా. కంప్యూటరే చేసుకునేదైతే సాయంత్రానికి చెప్పు. ఒక జీతమన్నా మిగులుతాది," అన్నాడు. ఎదురుగా ఉన్న మనిషి వింటాడేమోనన్న మొహమాటం కూడా లేదు ఆ మహానుభావుడికి. యాభై దాటినవాణ్ణి ఇంటికి పంపిస్తే, మళ్లీ ఏ అంగడివాడు పిలిచి పనిస్తాడు?

ఓబళప్ప పని రేట్ల పట్టీలు తయారుచెయ్యడం. మేకులు, బోల్టులు, తాళాలు, అన్నిటి ధరలూ రోజూ మారతాయి. ఒక్కో చిల్లర అంగడికి ఒక్కో రేటు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఆయన టకటకా కొడుతూనే ఉంటాడని కింద గుమాస్తాలందరికీ తెలుసు.

"ఒకసారి నొక్కి చూస్తాను సార్."

"వద్దమ్మా, ఫైలు చెడిపోతాది."

నొక్కనే నొక్కింది. తెర గిర్రున తిరిగింది. ఓబళప్ప గుటక మింగేలోపల అన్ని అంగళ్ల పట్టీలూ తయారై వరసగా నిలబడ్డాయి. రోజంతా చేసే పని ఒక్క నొక్కుతో అయిపోయింది.

"నొక్కితే పనంతా దానంతటదే అయ్యేట్టు మ్యాక్రో రాసి మెనూలో తగిలించినారు," అంది సౌమ్య నెమ్మదిగా. "మరి సాయంత్రం దాకా టైపు చేసేదేంది?"

"పొద్దున్నే అది నొక్కి కాఫీకి పోతా, అందుకే ఆ పేరు. ఆ తర్వాత ఖాళీ షీట్లో ఏదో ఒకటి కొడతా. మళ్లా చెరిపేస్తా. గంటకొక పట్టీ పంపిస్తా." ఓబళప్ప చేతులు జోడించాడు. "ఈ సంగతి మునిరాజప్పకు తెలిస్తే నా బతుకు బజారున పడుతాది తల్లీ. నీకు దండం పెడతా."

ఆమె తెర మీది పట్టీలనే ఒక్కొక్కటిగా చూస్తోంది. మంచి చేసుకుందామని ఓబళప్ప మాట కలిపాడు.

"నువ్వు యాడ పని చేస్తావమ్మా?"

"యాడా లేదు సార్. కంపెనీలో తీసేసినారు. ఇది ఈ ఒక్క దినం పనే."

ఆ మాటతో ఉన్న ఆశ కూడా పోయింది. పని లేక తిరుగుతున్న మనిషి యజమాని మెప్పు కోసం చూస్తుంది గానీ, ముక్కూ మొహం తెలియని ముసలాణ్ణి కాపాడుతుందా?

భోజనాలయ్యాక సౌమ్య కీబోర్డు తన వైపు లాక్కుని ఆయన మ్యాక్రో తెరిచింది. ఏదో తీసింది, ఏదో చేర్చింది. ఆ బటన్ ఊడబీకుతోందో, యజమానికి చూపించడానికి సిద్ధం చేస్తోందో తెలియదు. అడిగే ధైర్యం లేక ఓబళప్ప చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం మెట్ల మీద మునిరాజు చెప్పుల చప్పుడు వినిపించింది. ఓబళప్ప గబగబా మెనూ తెరిచి చూశాడు. కాఫీ లేదు. ఆ చోట 'రెండు కాఫీలు' అని ఉంది. ఆయనకేమీ అర్థం కాలేదు. ఈలోగా సౌమ్య ఖాళీ షీటొకటి తెరిచి టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, చూసినావా?" మునిరాజు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "కంప్యూటరే చేసుకుంటాదా?"

సౌమ్య తలెత్తి నుదురు తుడుచుకుంది.

"కంప్యూటర్‌తో అయ్యేది కాదు సార్. ఈయనొక్కరితో కూడా అయ్యేది కాదు. రేపట్నుంచి ఇంకో మనిషి కావాల."