నానమ్మ తెచ్చిన పెట్టె

“ఆ పెట్టె కూడా రావాల్సిందేనా?” వ్యాను తలుపు పట్టుకుని అడిగాడు పెద్దాయన.

“రావాల్సిందేనండీ,” అంది ఆయన భార్య.

“చూశావట్రా?” ఆయన కొడుకు వైపు తిరిగాడు. “వెళ్లేది రెండు రోజులకి. మీ అమ్మ ఇల్లంతా ఊడ్చి అందులో సర్దేసింది.”

కొడుకు నవ్వుతూ పెట్టె అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. తనే ఎత్తి, సీటు పక్కన నిలబెట్టుకుంది. దాని తాళంచెవి ఆమె మెడలో, గొలుసుకున్న సిలువ పక్కనే వేలాడుతోంది.

పెద్దాయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఆదివారాలు చర్చిలో సంఘపెద్ద. దిగులు పడొద్దని ఆయన చెబుతుంటే విన్నవాళ్లు మనసు తేలికపడి ఇళ్లకు వెళ్లేవారు. సొంత ఇంట్లో, భార్య దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు.

పాపం, ఆమె దిగులుకి కారణం లేకపోలేదు. మూడేళ్ల కిందట ఇలాగే అందరూ ప్రయాణంలో ఉండగా మనవరాలికి జ్వరం ముంచుకొచ్చింది. మనిషి జాడలేని దారిలో, తడిగుడ్డకి కూడా దిక్కులేక, కాలిపోతున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది నానమ్మ. పిల్ల దక్కింది కానీ నెలల తరబడి మంచం దిగలేదు. అప్పటినుంచి ఆ పెట్టె లేనిదే నానమ్మ గడప దాటలేదు. గొడుగు, టార్చి, శాలువాలు, సూదీ దారం, ఆఖరికి ఆయన కళ్లజోడు బిగించే బుల్లి స్క్రూడ్రైవర్ కూడా అందులో ఉండాల్సిందే. నిద్రలో ఉలిక్కిపడి లేచి పిల్ల నుదురు ముట్టుకుని చూసేది.

ఇప్పుడు పిల్లకి పూర్తిగా నయమైందని డాక్టర్లు తేల్చేశారు. అందుకే కూతురు వాళ్ల చర్చిలో కృతజ్ఞత కూడిక. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పేది పెద్దాయనే. కానీ ఆయన గుండెలో ఇంకో ప్రార్థన మిగిలిపోయింది. పిల్ల జబ్బు తీసేసిన దేవుడు ఈ మనిషి దిగులు కూడా తీసెయ్యాలి. ఎన్నాళ్లని ఇలా లోలోపల నలిగిపోతుంది?

“ఎందుకైనా మంచిది, పిల్ల మందులు తెచ్చారా?” వ్యాను కదలగానే అడిగాడాయన.

“నా చేతిసంచీలోనే ఉన్నాయి మావయ్యా,” అంది కోడలు. ఆమె నర్సు.

టీ తాగుదామని ఆగేసరికి వాన అందుకుంది.

“గొడుగు తియ్యవే.”

“ఈ చినుకులకి గొడుగెందుకండీ? పదండి, ఆ చూరు కింద నిలబడదాం.”

“అంత బరువూ మోసుకొచ్చి వాడడానికి మనసొప్పదు ఈ మహాతల్లికి!” అని గొణుక్కున్నా, ఎంత వానొచ్చినా పెట్టె ఉందిలే అనుకుని ఆయన తాపీగా టీ తాగాడు.

కొండదారి ఎక్కుతుండగా టైరు పంక్చరైంది. ముందూ వెనకా ఒక్క బండి లేదు. పెద్దాయన చుట్టూ చూశాడు. అచ్చం ఇలాంటి దారిలోనే ఆనాడు పిల్ల ఒళ్లు కాలిపోయింది.

“ఏమే, పెట్టె తెచ్చావుగా?”

“కళ్లెదురుగానే ఉంది కదండీ.”

ఆయన పెట్టెని ఓసారి తడిమి దాని పక్కనే కూలబడ్డాడు. కాస్త ఊపిరి తీసుకున్నాక, జాకీ తిప్పుతున్న కొడుక్కి ధైర్యం చెప్పాడు. “కంగారు పడకురా. భారమంతా ప్రభువు మీద వేస్తే ఆయనే చూసుకుంటాడు.”

టైరు మార్చి మళ్లీ బయల్దేరారు.

“ఇంత పెట్టె మోయడం మీకు కష్టం కాదూ అత్తయ్యా?” అంది కోడలు.

“ఏం చెయ్యను? ఇది కనిపిస్తేనే మీ మావయ్యకి ధైర్యం.”

అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా పెద్దాయనే నవ్వాడు. “బాగుందమ్మా! నీ భయం తెచ్చి నా నెత్తిన రుద్దు!”

అంతలో పిల్ల దగ్గింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

“చలిగాలి! పెట్టెలోంచి శాలువా తియ్యి, తొందరగా!”

నానమ్మ తన భుజాల మీదున్న శాలువా తీసి పిల్లకి చుట్టింది. కిటికీ మూసింది. పిల్ల తల ఒళ్లోకి తీసుకుని వెనక్కి వాలింది. కాసేపట్లో ఆమె గురక వినిపించింది. ప్రయాణంలో ఆమె నిద్రపోవడం మూడేళ్లలో ఆయన చూడలేదు. నా ప్రార్థన ఇప్పుడిప్పుడే పనిచేస్తోంది అనుకుని పొంగిపోయాడు. తనకి మాత్రం కునుకు పట్టలేదు. దారి పొడవునా ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచాడు.

కూతురి ఇంటి ముందు దిగగానే “నేను మోస్తా నానమ్మా!” అంటూ పిల్ల పెట్టె లాక్కుంది. రెండు చేతులా ఎత్తి, ఆగకుండా మెట్లెక్కేసింది. పెద్దాయన భార్య వైపు తిరిగాడు.

“చూశావుటే? మంచం దిగలేని పిల్ల! బలంలో సమ్సోను మనవరాలే ఇది!”

“దేవుడికే స్తోత్రం,” అంటూ ఆమె ఎందుకో నవ్వు ఆపుకుంది.

మర్నాడు పొద్దున చర్చికి తయారవుతుంటే ఆయన కళ్లజోడు మర ఊడి, ఒక కాడ చేతిలోకొచ్చింది. రాసుకున్న సాక్ష్యం అలుక్కుపోయినట్టుంది.

“ఏమే! స్క్రూడ్రైవర్!”

పిల్లకి జడ వేస్తున్న నానమ్మ తీరిగ్గా లేచి, మెడలోని గొలుసు నుంచి తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టింది. గొలుసుకి సిలువ ఒక్కటే మిగిలింది.

“ఇక ఇది మీ దగ్గరే ఉంచుకోండి. కంగారు పడకండి, చూసి చదవకపోయినా సాక్ష్యం చెప్పొచ్చు.”

“కంగారు పడొద్దని నువ్వా నాకు చెప్పేది!”

నవ్వుకుంటూ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, తాళం తీసి మూత ఎత్తాడు.

పెట్టె ఖాళీగా ఉంది.