చుక్కలు మింగిన థీసిస్

టైలరు తడిబట్టల మూట తెచ్చి మొగుడి గది గుమ్మంలో దబ్బుమని పడేసింది.

"ఆ థీసిస్ ఎప్పటికవుతుందో ఇవాళ తేల్చండి. నా మిషను లోపలికి రావాలి."

మొగుణ్ణి వీధివీధంతా డాక్టరుగారంటుంది. అంటే సూదిమందు వేసే డాక్టరు కాడు. ఆ మాటకొస్తే ఇంకా ఏ డాక్టరూ కాడు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి, ఇంట్లో కూర్చుని థీసిస్ రాస్తున్నాడు. అది పూర్తయితే పట్టా వస్తుంది. జనం ముందే పిలిచేస్తున్నారు, ఆయనా ముందే పలికేస్తున్నాడు.

ఆ గది ఒకప్పుడు ఆమె కుట్టుగది. మిషను చప్పుడుకి ఆలోచన చెదిరిపోతోందని ఆయన అనడంతో మిషను వెనక వరండాలోకి పోయింది. అప్పట్నించీ ఆయన గదిలో ఉన్నాడంటే ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గనైనా దగ్గరు. పొద్దున్న జల్లు కొట్టి, ఆమె కుట్టి మడతపెట్టిన స్కూలు యూనిఫాంలన్నీ తడిసి ముద్దయ్యాయి. నీలం నిక్కర్ల రంగు తెల్లచొక్కాలకెక్కింది. రేపే బడి తెరుస్తున్నారు. ఈ ఆర్డరు పోయినట్టే, ఇక ఆ బడివాళ్ళు మళ్ళీ ఈమె గడప తొక్కరు. వరండాలోనే కుట్టుకుంటూ కూర్చుంటే మిగతావాళ్ళూ పోతారు. ఒళ్ళు మండదూ మరి!

డాక్టరుగారు ఏమాత్రం తడుముకోకుండా కంప్యూటరు వైపు వేలు చూపించాడు. "నన్నడుగుతావేం? నీ కూతుర్నడుగు."

కూతురు కాలేజీలో చదువుతోంది. ఆకాశమంటే పిచ్చి. ఖగోళ పరిశోధన కేంద్రంలో టెలిస్కోపుకి అందే సంకేతాలు కుప్పలుతెప్పలు. వాటిని జల్లెడ పట్టడానికి వాళ్ళ కంప్యూటర్లు చాలవు. అందుకని ఆ పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, సాయం చేస్తామన్నవాళ్ళ ఇళ్ళలోని కంప్యూటర్లకి పంపిస్తారు. ఆ ప్రోగ్రామే ఈ పిల్ల నాన్న కంప్యూటర్లో పెట్టింది. అడిగే పెట్టింది, ఆయన సరేనన్నాడు కూడా. ఇప్పుడా సంగతి గుర్తులేదు మహానుభావుడికి. కంప్యూటరు బలమంతా ఆ చుక్కలే తాగేస్తున్నాయట. ఒక్క పేజీ రాద్దామనుకునేలోపు తెరమీద రంగు గీతలొచ్చి కూర్చుంటున్నాయట. లేకపోతే థీసిస్ ఎప్పుడో అయిపోయేదట.

నిజమేననిపించింది టైలరుకి. టీ ఇవ్వడానికి తనెప్పుడు తలుపు తోసినా తెరనిండా ఆ గీతలే. పాపం ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఆలోచిస్తూ ఉండేవాడు.

దాంతో కోపమంతా కూతురి మీదికి మళ్ళింది.

"నీ చుక్కల కోసం నా బతుకు వరండాలో నానాలిటే?"

ఎక్కడో ఆకాశంలో ఉన్నవాటికి చాకిరీ చేస్తూ, కన్నతల్లి నోటి దగ్గర కూడు తీసేస్తున్నావని చెడామడా దులిపేసింది. కూతురు "అది కాదమ్మా, ఆ ప్రోగ్రాం..." అని ఏదో చెప్పబోయి, నాన్న వంక చూసి, ఆ మాట మింగేసింది. తల్లికి మరింత మండింది. ఇప్పుడే, తన కళ్ళముందే, దాన్ని తీసి పారెయ్యమంది. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ కంప్యూటరు ముందు కూర్చుని కీబోర్డు ముట్టుకుంది. తెరమీది గీతలు మాయమయ్యాయి గానీ, ప్రోగ్రాం తీసెయ్యడానికి చేతులు రాలేదు.

అంతలో ఎవరో తలుపు కొట్టారు. కూతురే లేచి వెళ్ళి తీసింది.

వచ్చినావిడ ఖగోళ కేంద్రంలో శాస్త్రవేత్త. చేతిలో గాజు జ్ఞాపిక ఉంది. తడిబట్టల మూట దాటుకుని గదిలోకి వచ్చి, సంగతి చెప్పింది. తమకి సాయం చేస్తున్న ఇళ్ళు ఊళ్ళో వందలున్నాయట. అన్నిటిలోకీ ఎక్కువ పని చేసింది ఈ ఇంటి కంప్యూటరేనట. ఇది జల్లించిన వాటిలోనే ఇంతవరకూ ఎవరికీ తెలియని నక్షత్రం ఒకటి బయటపడిందట. సాయంత్రం పేపరువాళ్ళు ఫొటోకి వస్తారంది.

డాక్టరుగారి కోపం ఎటు పోయిందో పోయింది. చొక్కా సర్దుకుని, కూతుర్ని పక్కకి జరిపి ముందుకొచ్చాడు.

"చిన్నపిల్ల, దానికేం తెలుసండీ. పెట్టించింది నేనే. పొద్దున్న కూర్చున్నానంటే రాత్రిదాకా ఈ కంప్యూటరు ముందునుంచి లేవను. అన్నీ దగ్గరుండి చూసుకుంటాను."

టైలరు పళ్ళు నూరింది. ఇందాకటిదాకా థీసిస్‌ని మింగేసిన చుక్కలు, జ్ఞాపిక కనపడేసరికి ఈయన సొంతమైపోయాయి. సిగ్గైనా లేదు మనిషికి. కూతురు తలెత్తలేదు.

శాస్త్రవేత్త ఏమీ అర్థం కానట్టు ఆయన్ని చూసింది.

"దగ్గరుండి ఏం చూస్తారండీ? మనిషి చెయ్యి పడిందంటే ఆ ప్రోగ్రాం ఆగిపోతుంది. కీబోర్డు ఎవరూ ముట్టుకోనప్పుడే నడుస్తుంది. మీ ఇంట్లో పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తుంటే, ఇది ఎవరూ వాడని కంప్యూటరేమో అనుకున్నాం."

టైలరు తెర వైపు చూసింది. కూతురు లేచి వచ్చేసింది కదా, రంగు గీతలు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె గుమ్మంలోని మూటని కాలితో పక్కకి నెట్టి దారి చేసింది.

"డాక్టరుగారూ," అంది మొగుడితో, "ఆ కుర్చీ పట్టుకెళ్ళి వరండాలో వేసుకోండి. వచ్చేటప్పుడు నా మిషను మోసుకురండి."