రాజుగారి చేతిలో చర్చి

"ఆ తొట్టి జరుపు ముకుచ్! దాని వెనక రాయి చూడాలి."

గొడ్లపాకలో ముకుచ్ కదల్లేదు. "ఏంటత్తా, నా గోడ కూలిస్తేగానీ నీకు నిద్ర పట్టదా?"

"దేవుడి ఇంటి రాళ్లు మోసుకొచ్చి గొడ్లకు పాక కట్టుకున్నావు. నీకు లేకపోయినా నాకుందిరా సిగ్గు!" అంది సతెనిక్.

ముకుచ్ గొణుక్కుంటూ తొట్టి జరిపాడు. రాయి మీద ద్రాక్షతీగ చెక్కి ఉంది, అంతే. సతెనిక్ వెంట వచ్చిన హెర్మినె టార్చి ఆర్పేసింది.

రాజధాని యెరెవాన్ నుంచి వచ్చిన ఆ ఆర్కిటెక్టు అమ్మాయికి కావలసింది ఒకే ఒక్క రాయి. పదమూడు వందల ఏళ్ల నాటి చర్చి తాతల కాలం భూకంపంలో కూలింది. ఊరు ఊరంతా ఎగబడి రాళ్లు పట్టుకుపోయింది. మిగిలింది గుండ్రటి పునాది. పైన గోపురం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో చర్చి కట్టించిన రాజు, దాని చిన్న నమూనాను చేతుల్లో పట్టుకున్నట్టు తన బొమ్మ చెక్కించి గోడలో పెట్టించేవాడు. ఆ రాయి దొరికితే చర్చి మళ్లీ లేస్తుంది. ఊహించి కట్టడానికి పైవాళ్లు ఒప్పుకోరు. దొరక్కపోతే పునాది చుట్టూ ఇనపకంచె వేసి చేతులు దులుపుకుంటారు.

ఆ చర్చి కోసం సతెనిక్ అంగలార్చినంతగా ఊళ్లో ఎవరూ అంగలార్చలేదు. ఆమె కొడుకు రజ్మిక్ ఆరేళ్లకే జ్వరంతో పోయాడు. అవి దేవుడి మాటే ఎత్తనివ్వని సోవియట్ రోజులు. ఫాదర్ రాలేదు, గంట మోగలేదు. ప్రార్థన అయినా లేకుండా పిల్లాణ్ణి మట్టిలో పెట్టారు. ఆ మంట ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇల్లిల్లూ ముందుండి తిప్పింది ఆవిడే. గడపలు, మెట్లు, పొయ్యిరాళ్లు, దేన్నీ వదల్లేదు. అందరిచేతా తిట్లు తింది.

పొద్దు వాలేసరికి ఇద్దరికీ కాళ్లు పడిపోయాయి. శ్మశానంలో రజ్మిక్ సమాధి దగ్గర కూలబడి, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం సమాధిరాయి మీదే రొట్టె, జున్ను పరుచుకున్నారు.

"ఇక వదిలెయ్ మామ్మా. రేపు కంచె వేసేవాళ్లు వస్తారు" అంది హెర్మినె.

సతెనిక్ చేతిలో రొట్టె పక్కన పెట్టేసింది. "అయితే నేను చచ్చినా గంట మోగదన్నమాట!" అంది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది.

హెర్మినె ఆమెను కావలించుకుని, జీపెక్కి వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగేదాకా సతెనిక్ చూస్తూ నిలబడింది. తరవాత రాతి మీది రొట్టెముక్కలు పిచ్చుకలకు దులిపి, కొడుకు పేరును తలగుడ్డ చెంగుతో తుడిచింది.

"వెళ్లిపోయారు నాన్నా, పడుకో."

ఆనాడు పేరు చెక్కించి ఆమే బోర్లా పెట్టించిన ఆ రాతి అడుగువైపు, మట్టిలో, పిల్లాడి ముఖానికి ఎదురుగా, రాజుగారు తన చర్చిని గోపురంతో సహా చెక్కుచెదరకుండా రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.