ఎవరూ పిలవని గంట

"ఇది తీయకమ్మా."

అడ్డుపుల్ల మళ్లీ వచ్చాడు.

ఆసుపత్రి వార్డుల కోసం ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసే సాఫ్ట్‌వేర్ అది. అందులో వాడని కోడ్ ఏరి తీసెయ్యడం ఆమె పని. ఏది తీయబోయినా ఆయన అడ్డం. మొహం ఎవరూ చూడలేదు. అడ్డుపుల్ల అని పేరు పెట్టింది ఆమే.

ఈసారి తీస్తున్నది గంట మోగించే ముప్ఫై లైన్ల పాత కోడ్. ప్రాజెక్టంతా జల్లెడ పట్టినా దాన్ని పేరుతో పిలిచి వాడుకునే చోటు ఒక్కటీ లేదు. అదే ఆయనకి రాసింది.

"పేరుతో వెతికితే దొరకదమ్మా. ఎవరైనా పిలిస్తే తెలిసేలా ముందు ఒక లైను పెట్టు. ఓ వారం చూసి, అప్పుడు తీయి."

ఆమెకి ఒళ్లు మండింది. మూడేళ్లుగా ఒక్క లైను రాయని మనిషి తనకి పాఠాలు చెప్పడమా? గంట తీసేసింది. పనిలో పనిగా, కోడ్ రాయని అకౌంటని ఆయన్నీ ప్రాజెక్టులోంచి తీసేసింది.

మర్నాడు పొద్దున కొత్త వెర్షన్ నలభై ఆసుపత్రులకి వెళ్లింది.

మధ్యాహ్నం ఒక నర్సు ఫోన్ చేసింది.

"మేడం, ఆక్సిజన్ పడిపోయినా గంట మోగట్లేదు."

నలభై ఆసుపత్రులు. ఎన్ని మంచాలో తలుచుకునే ధైర్యం లేకపోయింది.

ఫోన్ చెవికి ఆనించుకునే వెతికింది. ప్రోగ్రాం గంట పేరుని రెండు ముక్కలుగా దాచుకుని, అవసరమొచ్చినప్పుడే అతికించి పిలుస్తోంది. మొత్తం పేరు ఎక్కడా లేదు.

తర్వాత అడిగింది.

"సిస్టర్, ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు మేడం. నిన్న సాయంత్రం ఎవరో పెద్దాయన ఫోన్ చేశారు. రేపు గంట మోగకపోవచ్చు, ఎవర్నీ ఒంటరిగా వదలొద్దమ్మా అని బతిమాలారు. అన్ని ఆసుపత్రులకీ చేశారట. మీ ఆఫీసాయనే కదా?"

ఆమె తీసిన కోడ్ వెనక్కి తెచ్చి అన్ని ఆసుపత్రులకీ పంపింది. గంట మోగుతోందని నర్సు చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

క్షమించమని ఆయనకి రాయబోయింది. అకౌంటు లేదు. చిరునామా కూడా దాంతోనే పోయింది.

అప్పుడు కనబడింది, తిరిగొచ్చిన ముప్ఫై లైన్లకి పైన, తీసేటప్పుడు ఆమె చదవని వాక్యం:

"ఏడో మంచం మీద మా పాపకి ఏ గంటా మోగలేదు కాబట్టి, ఈ వయసులో కోడ్ నేర్చుకుని ఇది రాశాను."