పది నిమిషాల చీకటి

ఆకాశంలో అద్దాలు పెట్టి రాత్రిళ్ళు కూడా ఎండ కాయించడం మొదలై పద్నాలుగేళ్ళయింది. మార్కాపురంలో ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి కూడా వడియాలు ఎండుతాయి. రిటైరైన ఫిజిక్సు టీచరు వకుళకు మాత్రం చీకటి కావాలి. ఎనభై ఏళ్ళకోసారి భగ్గుమనే నక్షత్రమొకటి ఈ వారమే వెలిగింది మరి. ఆవిడ కాళ్ళరిగేలా తిరిగితే, ఊరి మీది అద్దాన్ని పది నిమిషాలు పక్కకు తిప్పడానికి అద్దాల ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు.

కళ్ళు చీకటికి అలవాటు పడడానికే అరగంట పడుతుంది. అందుకని ఆవిడ ముందే కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుని, ఆరేళ్ళ మనవరాలు మేదినిని పక్కన కూర్చోబెట్టుకుని డాబా మీద కాచుకుంది. ఎనిమిదింటికి చీకటి పడింది. ఊరంతా గొల్లుమంది. ఆవిడ గుడ్డ విప్పింది. చిన్నప్పటి చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి! ఆ కొత్త వెలుగు కోసం వెతకబోయిందో లేదో, పక్కనుంచి కేక.

“అమ్మమ్మా, నా కళ్ళు పోయినయ్యి!”

తన కళ్ళను సిద్ధం చేసుకుంది గానీ, చీకటంటే ఏమిటో పిల్లకు చెప్పాలని ఆవిడకు తట్టనే లేదు.

“పోలేదమ్మా, ఉన్నయ్. ఇదిగో చూడు,” అంటూ ఫోన్ లైటు వేసింది. ఆ వెలుతురుకు ఆవిడ కళ్ళు బైర్లు కమ్మాయి. తేరుకునేలోగా పది నిమిషాలూ అయిపోయి, అద్దం తన చోటికి వచ్చేసింది.

మర్నాడు పక్కింటి రమణయ్య అర్జీ పట్టుకొచ్చాడు. “పిల్లకాయలు జడుసుకున్నారు టీచరమ్మా. ఇంకెప్పుడూ అద్దం తిప్పొద్దని రాశాం.”

ఒళ్ళో మేదిని గట్టిగా కరుచుకుంది. “అమ్మమ్మా, అది మళ్ళీ వస్తుందా?”

“రాదులే తల్లీ,” అని వకుళ సంతకం పెట్టింది.