బెరడులో ముఖం

పదకొండోసారి కూడా బొమ్మ వెనక్కి వచ్చింది.

"ఆకుపచ్చ ఇంకాస్త పచ్చగా ఉండాలి" అన్నాడు మేనేజరు.

ఆఫీసులో అందరూ ఆకులమ్మ అని పిలిచే ఆర్టిస్టుకు ఒళ్లు మండింది. కంప్యూటర్లో ఆకుల అంచులు లాగి లాగి అప్పటికే చెయ్యి పడిపోయింది. గ్రీటింగు కార్డు మీద అడవి బొమ్మకు ఇన్ని వంకలా! కసి కొద్దీ పెద్ద చెట్టు బెరడులో మేనేజరు ముఖం ఆవగింజంత గీసింది. అదే ముక్కు, అదే వేలాడే పెదవి, అదే బట్టతల. నెత్తిన కాకి గూడు కూడా పెట్టింది. కార్డు సైజులో ఎవరి కంటా పడదు. అక్కసు తీరింది.

కార్డు అచ్చయింది. మేనేజరు రెండు వారాలు సెలవు మీద వెళ్లి వచ్చాడు. వచ్చాక ఒకరోజు ఆ బొమ్మనే తెర మీద పెద్దది చేసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. మధ్యలో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత ఆమెను పిలిచాడు.

"ఈ అడవిని మన కొత్త హాల్లో గోడ నిండా వేయిద్దామమ్మా. ఒక్క గీత కూడా మార్చకండి."

ఆకులమ్మకు బెరడులోని ముఖం గుర్తొచ్చింది. వెక్టర్ బొమ్మలు ఎంత పెంచినా చెదరవు. ఆవగింజ గోడెక్కితే గుమ్మడికాయంత అవుతుంది!

భయం సరే, సిగ్గే ఆమెను ఎక్కువ చంపింది. పదకొండుసార్లు తిప్పికొట్టిన మనిషి మొదటిసారి మెచ్చుకున్నాడు. ఆ మనిషి నెత్తినే తను కాకి గూడు పెట్టింది. ఎదురుపడితే తలెత్తలేకపోయింది. చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్లింది.

"ఏమ్మా, ఏమైనా చెప్పాలా?"

"ఏం లేదు సార్."

చివరికి అచ్చుకు పంపే ముందు ముఖాన్నీ గూడునూ చెరిపేసి, ఆ చోటంతా బెరడు గీతలతో కప్పేసింది. హమ్మయ్య అనుకుంది.

ప్రారంభం రోజున మేనేజరు వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తిన్నగా ఆ చెట్టు దగ్గరికే నడిపించాడు. వెనకే ఆకులమ్మ నిలబడింది.

"ఏదో చూపిస్తానన్నావు, ఏదిరా?" అంది ఆ పెద్దావిడ.

ఆయన బెరడు మీద అరచేత్తో పైకీ కిందకీ వెతుకుతున్నాడు.

"నాన్న పోయాక నేనాయన్ని మళ్లీ చూసింది ఇక్కడేనమ్మా... అదే ముక్కు, అదే బట్టతల... ఈ బెరడులోనే!"